చెరువు పచ్చబడినప్పుడు: విషపు పాచిని గుర్తుపట్టే మా ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మూడో వారం

అనంతపురం నుంచి శింగనమల వైపు పోయే దారిలో ఉన్న మా ఊరి చెరువు గత రెండు ఎండాకాలాల్లోనూ ముదురు పచ్చగా మారింది. ఈసారి ఆ మార్పు రాకముందే చెరువును గమనించడం మొదలుపెట్టాలని, ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెప్పే తొమ్మిదో తరగతి విద్యార్థులతో కలిసి ఈ ప్రాజెక్టు చేపట్టాము. "ఈ నీళ్ళు జీవాలకు పెట్టొచ్చునా, పెట్టకూడదా సార్?" అని గొర్రెల కాపరులు ఏటా అడుగుతారు. గట్టు మీద నిలబడి, ప్రయోగశాల అవసరం లేకుండా, చదువు రాని మనిషి కూడా వాడుకోగలిగిన సమాధానాన్ని తయారుచేయడమే మా పని. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమలో చెరువులో నీళ్ళు నిలవడమే ఒక భాగ్యం కాబట్టి, ఆ నీళ్ళు తాగవద్దన్న మాటను తేలిగ్గా అనకూడదని, అనేటప్పుడు కారణం చూపి, బదులు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పాలని మొదటి రోజే విద్యార్థులతో అనుకున్నాను.

ముందుగా విషయం స్పష్టం చేసుకున్నాము. చెరువులో పెరిగే పచ్చదనమంతా హానికరం కాదు. రాళ్ళకు పట్టే పాకుడు, నీళ్ళలో పోగులుగా సాగే నాచు, చిన్న ఆకులుగా తేలే నీటి మొక్కలు చాలావరకు అపాయం లేనివే. మనం భయపడవలసినవి నీలి ఆకుపచ్చ శైవలాలు. పేరులో శైవలం ఉన్నా ఇవి నిజానికి కిరణజన్య సంయోగక్రియ జరిపే బ్యాక్టీరియాలు, అందుకే వీటిని సయనోబాక్టీరియా అంటారు. వీటిలో మైక్రోసిస్టిస్ వంటివి కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని, మరికొన్ని నరాల మీద పనిచేసే అనాటాక్సిన్ వంటి విషాలను తయారుచేయగలవు. చిక్కు ఏమిటంటే, ఒకే జాతిలో విషం చేసే రకమూ, చేయని రకమూ పక్కపక్కనే ఉంటాయి, వాటిని సూక్ష్మదర్శినిలో చూసినా వేరుచేయలేము. అందువల్ల మా సమాధానం "విషం ఉంది, లేదు" అన్న రూపంలో ఉండే వీలు లేదు. "అనుమానించాలా, వద్దా" అన్నంతవరకే మేము తేల్చగలము, అనుమానం కలిగితే విషం ఉన్నట్టుగానే నడుచుకోవాలి. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క నియమం మీద నిలబడుతుంది.

నీలి ఆకుపచ్చ శైవలాల విషం గురించిన తొలి శాస్త్రీయ నివేదిక కూడా గొర్రెలతోనే ముడిపడి ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు మీద పేరుకున్న పచ్చని తెట్టును తాగి పశువులు చనిపోతున్నాయని జార్జ్ ఫ్రాన్సిస్ అనే రసాయన శాస్త్రవేత్త 1878లో 'నేచర్' పత్రికకు రాశాడు. గొర్రెలు గంట మొదలుకొని ఆరు, ఎనిమిది గంటల లోపల చనిపోయేవని అందులో ఉంది. మా తరగతిలో సగం మంది ఇళ్ళలో మందలు ఉన్నాయి. ఈ వాక్యం చదివిన తరువాత ఈ పని ఎందుకు చేస్తున్నామని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి, చివరి వారం

నీటి తేటదనాన్ని కొలిచే సెక్కి బిళ్ళను తయారుచేశాము. 1865లో ఏంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త సముద్రంలో వాడిన పద్ధతి ఇది. పాత ప్లాస్టిక్ బకెట్ మూతను 20 సెంటీమీటర్ల అడ్డుకొలతకు గుండ్రంగా కత్తిరించి, నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేశాము. అడుగున బరువుకు ఇనుప బోల్టు బిగించి, నడిమి నుంచి తీసిన నైలాన్ తాడుకు ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక ముడి వేశాము. తూము మెట్ల మీద నిలబడి బిళ్ళను వదులుతూ, అది కంటికి కనపడకుండా పోయిన చోట ముళ్ళు లెక్కపెడితే ఆనాటి తేటదనం తెలుస్తుంది.

ఈ కొలత ఒక్కటే చాలదని మొదటి వారంలోనే అర్థమైంది. మాది ఎర్రనేల, గాలి గట్టిగా వీచినా, ఎనుములు దిగి కలబెట్టినా మట్టి లేచి బిళ్ళ త్వరగా మాయమవుతుంది. కాబట్టి లోతుతో పాటు నీటి రంగును, గాలి వచ్చే దిక్కును, వాసనను కూడా అదే పుస్తకంలో రాయాలని నిర్ణయించాము. బడిలో ఒక ఫోల్డ్‌స్కోప్ ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఈ కాగితపు సూక్ష్మదర్శిని వస్తువును 140 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. మైక్రోసిస్టిస్ గుంపులను చూడడానికి అంత చాలు.

మార్చి

నెల మొదట్లో సాయంత్రం బడి వదిలాక చెరువుకు వెళ్ళేవాళ్ళము. నీరు కొద్దిగా పచ్చబడిందన్న మాట తప్ప పుస్తకంలో విశేషమేమీ లేదు. మా వేళను మార్పించినది చెరువు నీళ్ళ పంపకం చూసే నీరుగంటి. "సాయంత్రమొస్తే ఏం కనపడదు నాయనా. తెల్లారేసరికి పైకి తేల్తాది, ఎండెక్కి గాలి లేస్తే చెదిరి లోపలికి పోతాది" అన్నారాయన. ఆయన మాట అక్షరాలా నిజం. మరుసటి ఉదయం గాలి లేని నీటి మీద, తూముకు ఉత్తరాన, రవ్వంత పరిమాణంలో పచ్చని చుక్కలు చల్లినట్టుగా కనిపించాయి.

దీనికి కారణం ఆ కణాల లోపల ఉంది. మైక్రోసిస్టిస్ వంటి వాటి కణాల్లో ప్రోటీను గోడలున్న అతి సూక్ష్మమైన గాలి తిత్తులు ఉంటాయి. వాటి వల్ల కణం నీటి కంటే తేలికై పైకి లేస్తుంది. పగలంతా వెలుతురులో పిండి పదార్థాలు తయారై బరువు పెరిగితే కిందికి దిగుతుంది, రాత్రి ఆ నిల్వ ఖర్చయ్యాక మళ్ళీ తేలుతుంది. వెలుతురు కోసం పైకి, పోషకాల కోసం అడుగుకు పోగల ఈ శక్తి మామూలు ఆకుపచ్చ శైవలాల్లో చాలావాటికి లేదు. కదలిక లేని నిలువ నీళ్ళలో ఇవి మిగతా వాటిని మించి పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. వేడి కూడా వీటికి కలిసి వస్తుంది. నీటి వేడి 25 డిగ్రీలు దాటితే చాలా రకాలు చురుకుగా పెరుగుతాయి, మార్చి నడిమికే మా చెరువు ఆ గీత దాటింది.

అప్పటి నుంచి పరిశీలనను పొద్దు పొడిచే వేళకు మార్చాము. ఊరివాళ్ళు బట్టలకు వచ్చేది, పిల్లలు ఈతకు దిగేది కూడా పొద్దున్నే కావడం వల్ల ఈ మార్పు మరింత అవసరమైంది. నీరుగంటి గారు చెప్పకపోతే తెట్టు కట్టే వేళ మాకు చాలా రోజులు తెలిసేది కాదు. ఇటువంటి పని చేయాలనుకునే ఉపాధ్యాయులు ముందుగా చెరువు దగ్గర జీవితం గడిపిన మనిషిని అడగాలి.

ఏప్రిల్, రెండో వారం

తెట్టు కట్టింది. తూము నుంచి పడమటి లోతట్టు దాకా చెదురుమదురుగా ఉన్న చుక్కలు ఒక్క రాత్రిలో కలిసి, ఈశాన్య మూలన నీళ్ళ మీద పచ్చరంగు డబ్బా కుమ్మరించినట్టు పరుచుకున్నాయి. ఒడ్డుకు తగిలిన అంచు దగ్గర కుళ్ళు వాసన. ఎండకు చచ్చిన చోట పచ్చదనం పోయి పాలిపోయిన నీలం, తెలుపు చారలు తేలాయి. చనిపోయిన కణాల నుంచి ఫైకోసయనిన్ అనే నీలిరంగు పదార్థం బయటికి కారడం వల్ల ఏర్పడే ఈ నీలి చారలు నీలి ఆకుపచ్చ శైవలాలకు బలమైన గుర్తు. మామూలు నాచు కుళ్ళితే ఈ నీలం రాదు.

అనుమానించాలా, వద్దా అని తేల్చే మూడు పరీక్షలను ఆ ఉదయమే మొదలుపెట్టాము. చేతులకు రబ్బరు తొడుగులు లేకుండా ఎవరినీ నీళ్ళ దగ్గరికి రానీయలేదు, మెట్టు దాటి ఎవరినీ దిగనీయలేదు.

మొదటిది పుల్ల పరీక్ష. పొడవాటి కర్రను తెట్టులోకి దించి పైకి తీశాము. నాచు అయితే పోగులుగా కర్రకు వేలాడుతుంది. మా కర్రకు పోగులేమీ రాలేదు, రంగులో ముంచి తీసినట్టుగా పచ్చని పూత మాత్రం పట్టింది. కర్ర తీసిన చోట ఏర్పడిన ఖాళీ మెల్లగా మళ్ళీ మూసుకుపోయింది.

రెండవది సీసా పరీక్ష. వెడల్పు మూతి గాజు సీసాను తెట్టు కింది నీటితో ముప్పాతిక వంతు నింపి, మూత పెట్టి, కదపకుండా ఒక రాత్రి నీడలో ఉంచాలి. పచ్చదనం అడుగుకు దిగితే అవి మామూలు శైవలాలు కావచ్చు, పైకి లేచి మూతి దగ్గర పచ్చని వలయంగా నిలిస్తే నీలి ఆకుపచ్చ శైవలాలని అనుమానించాలి. మా సీసాలో మరునాడు కింది నీరు దాదాపు తేటగా ఉండి, పైన వేలి మందాన పచ్చని పొర నిలిచింది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉందని విద్యార్థుల చేత పుస్తకంలో రాయించాను: నీటి నిండా సమంగా కలిసిపోయి ఉండే రకాలు, అడుగున రాళ్ళకు పట్టి పెరిగే రకాలు కూడా సయనోబాక్టీరియాలో ఉన్నాయి. అవి ఈ సీసాలో తేలవు. తేలితే అనుమానం బలపడుతుంది, తేలకపోతే నీరు మంచిదని దాని అర్థం కాదు.

మూడవది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తేలుతున్నవి నిజంగా గాలి తిత్తుల వల్లనే తేలుతున్నాయా, లేక మామూలు శైవలాల మధ్య బుడగలు చిక్కుకుని పైకి లేచాయా అన్న ప్రశ్న మిగిలింది. దీనికి జర్మన్ వృక్షశాస్త్రవేత్త క్లేబాన్ 1895లో ఒక సుత్తి, ఒక బెరడు బిరడా, ఒక సీసా మాత్రమే వాడి జవాబు చెప్పాడు. మేమూ అదే చేశాము. మందపాటి గాజు సీసాను పచ్చని నీటితో గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి, బెరడు బిరడా బిగించి, సీసాకు గోనెసంచి చుట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని నేనే బిరడా మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. నీరు నొక్కుకుపోదు కాబట్టి ఆ దెబ్బ ఒత్తిడిగా మారి ప్రతి కణానికీ చేరుతుంది, దానికి గాలి తిత్తులు ఒక్కసారిగా కూలిపోతాయి. గోనె విప్పి చూస్తే, దెబ్బకు ముందు మబ్బుగా, పాలు కలిసినట్టుగా ఉన్న పచ్చదనం ముదురు రంగుకు తిరిగి, దాని గుండా అవతలి కిటికీ కనిపించింది. పక్కనే పెట్టిన దెబ్బ తగలని సీసాలో పొర పైకి లేస్తుండగా, దీనిలోని పచ్చదనం గంటల్లో అడుగుకు పేరుకుంది. పిల్లలు రెండు సీసాలను చాలాసేపు పక్కపక్కన పెట్టి చూశారు. పుస్తకంలో ఒక అమ్మాయి "తేలినవి బతికి ఉండడం వల్ల తేలలేదు, గాలి వల్ల తేలాయి" అని రాసింది. అంతకంటే బాగా నేను రాయలేను.

ఫోల్డ్‌స్కోప్‌లో చూస్తే ఆకారం కుదురు లేని గుంపులు, వాటి నడుమ అక్కడక్కడ ఖాళీలు, జిగురు పొరలో ఇమిడిన వేల చిన్న గుండ్రని కణాలు కనిపించాయి. అనంతపురంలోని ఒక కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి నమూనా పంపగా వారు అది మైక్రోసిస్టిస్ అనే చెప్పారు. విషం పరిమాణం కొలిచే ఎలైజా పరీక్ష వారి దగ్గర లేదు. నమూనా పంపేవారికి ఒక సూచన: కణాలను గుర్తించడానికైతే అయోడిన్, పొటాషియం అయోడైడ్ కలిపిన లూగాల్ ద్రావణాన్ని పలచని టీ రంగు వచ్చేదాకా చుక్కలుగా కలిపితే నమూనా నిలుస్తుంది. విషం పరీక్షకైతే అది కలపకుండా, వేరే గాజు సీసాలో, వెలుతురు తగలకుండా, మంచు పెట్టెలో పంపాలి.

ఏప్రిల్, చివరి వారం

రచ్చకట్ట దగ్గర ఊరివాళ్ళకు సీసాలు చూపించాము. చూసినవారిలో ఎక్కువమంది అడిగింది ఒకటే: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పోస్తే చచ్చిపోతాయి కదా అని. కొందరు బ్లీచింగ్ పౌడరు అన్నారు. చస్తాయి, అందులో సందేహం లేదు. అయితే బతికున్న కణంలో మైక్రోసిస్టిన్ చాలావరకు లోపలే ఉంటుంది. కణం పగిలితే అదంతా ఒక్కసారిగా నీళ్ళలో కలుస్తుంది. ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో 1979లో ఇదే జరిగింది. తాగునీటి జలాశయంలో శైవలాలు పెరిగాయని మైలుతుత్తం చల్లిన తరువాత కొద్ది రోజుల్లోనే 148 మంది కాలేయం, పేగుల జబ్బుతో మంచాన పడ్డారు, వారిలో 138 మంది పిల్లలు. అక్కడ పెరిగినది వేరే జాతి, విషం కూడా వేరే, కానీ పాఠం మా చెరువుకూ వర్తిస్తుంది. ఈ సంగతి విన్న తరువాత మైలుతుత్తం మాట మళ్ళీ రాలేదు.

"కాచి తాగితే సరిపోతుంది కదా సార్?" అని ఒక తల్లి అడిగింది. సరిపోదు. కలరా, టైఫాయిడు క్రిములు మరిగితే చస్తాయి గాని మైక్రోసిస్టిన్ వేడికి విరగదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ అది మరింత చిక్కబడుతుంది కూడా. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీళ్ళు తాగవద్దని, కాచవద్దని కూడా అధికారులు హెచ్చరించారు. ఈరీ సరస్సులో పెరిగిన మైక్రోసిస్టిస్ విషం శుద్ధి కేంద్రం దాటి వచ్చింది.

పటిక, చిల్లగింజ వాడకం మన పెద్దల నుంచి వచ్చిన మంచి అలవాటే. అవి మట్టిని, కొంతవరకు కణాలను అడుగుకు దించుతాయి గాని నీళ్ళలో కరిగిపోయిన విషాన్ని పట్టలేవు. గుడ్డలో వడగట్టినా, కొవ్వొత్తి ఫిల్టరులో పోసినా అంతే. సరిగా నిర్వహించే ఆర్వో యంత్రం మైక్రోసిస్టిన్‌ను ఆపగలదు. అయినా మా వాళ్ళకు నేను చెప్పింది, తెట్టు కట్టిన చెరువు నీళ్ళను శుద్ధి చేసుకుని తాగాలనే ఆలోచననే మానుకోమని. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితకాలం తాగే నీళ్ళలో మైక్రోసిస్టిన్ లీటరుకు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలవ వంతు, మించకూడదని చెప్పింది. 2020లో కొద్దికాలపు వాడకానికి 12, స్నానాలకు, ఈతకు 24 మైక్రోగ్రాముల హద్దులు పెట్టింది. దట్టమైన తెట్టులో ఈ హద్దులను ఎన్నో రెట్లు మించిన విషం ఉండగలదు.

ఎండాకాలంలో ట్యాంకర్లు ఏ నీళ్ళు నింపుకొస్తున్నాయో కనుక్కోవాలని కూడా ఆరోజు గట్టిగా చెప్పాను. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో ఒక డయాలిసిస్ కేంద్రానికి జలాశయం నుంచి లారీల్లో తెచ్చిన నీళ్ళు సరిగా శుద్ధి కాకపోవడంతో 131 మంది రోగుల్లో 100 మందికి కాలేయం విఫలమైంది, ఆ సంవత్సరం చివరికి 52 మరణాలకు ఈ విషమే కారణమని తేల్చారు. తాగినప్పటి కంటే రక్తంలోకి నేరుగా చేరినప్పుడు ప్రమాదం ఎంతో ఎక్కువ. అయినా ట్యాంకరు నీళ్ళ మూలం అడగడం మనందరి హక్కు.

మే

హెచ్చరిక పలక రాయడం, జీవాలకు నీళ్ళ తొట్టి సిద్ధం చేయడం ఈ నెల పని. తూము స్తంభానికి ఎర్రగుడ్డ కట్టే పద్ధతి పెట్టాము. గుడ్డ ఎగురుతుంటే చెరువు మూసినట్టు. చదవలేని వారికి గుడ్డ, చదవగలిగిన వారికి పలక. పలక మీద ఇలా రాశాము: "నీళ్ళ మీద విషపు తెట్టు ఉండవచ్చు. ఎర్రగుడ్డ ఉన్నన్ని రోజులు జీవాలను, ఎనుములను, కుక్కలను ఇక్కడ తాగనీయకండి. తొట్టి దగ్గరికి తోలండి. పిల్లలు దిగకూడదు. ఈ నీళ్ళు కాచినా విషం పోదు."

తొట్టి లేకుండా పలక పెడితే ఎవరూ పాటించరు. పంచాయతీ బోరు పక్కన ఎండిపోయి ఉన్న పాత పశువుల తొట్టిని శుభ్రం చేసి, పగుళ్ళకు సిమెంటు మెత్తి, బోరు నీళ్ళు వదిలే ఏర్పాటు చేశారు. తొట్టి గోడలకూ పాకుడు పడుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు నీళ్ళు వదిలేసి చీపురుతో రుద్దే పనిని మందలవాళ్ళు వంతులవారీగా పంచుకున్నారు. తొట్టి మీద కంపకొమ్మలతో పందిరి వేశారు. నీడ పడితే పాకుడు తగ్గుతుంది, నీళ్ళూ చల్లగా ఉంటాయి. చెరువు ఈశాన్య మూలకు పోయే జాడకు అడ్డంగా ముళ్ళకంప వేశారు. మంద దాహంతో పరుగెత్తేటప్పుడు కాపరి కేక కంటే కంపే గట్టిగా ఆపుతుంది.

జీవాలు తాగేశాక గుర్తుపట్టవలసిన లక్షణాలను పశువైద్యుడు కాపరులకు వివరించారు. నరాల విషమైతే చొంగ కారడం, వణుకు, తూలి పడడం, ఊపిరి అందకపోవడం నిమిషాల నుంచి గంటల్లోనే కనిపిస్తాయి. కాలేయపు విషమైతే మేత మానడం, నీరసం, పారుడు వస్తాయి. బతికిన జీవాలకు ఆ తరువాత ఎండ తగిలిన చర్మం, చెవులు, ముట్టె పొక్కి ఊడిపోవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. మందను వెంటనే ఆ నీళ్ళకు దూరంగా, నీడకు తోలి, ఒంటికి అంటిన తెట్టును మంచినీళ్ళతో కడిగి, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయాలి. కుక్కల విషయంలో కడగడం మరీ ముఖ్యం, ఎందుకంటే అవి బొచ్చును నాకి విషాన్ని లోపలికి తీసుకుంటాయి. మనుషులకు తెట్టు నీళ్ళు తగిలితే దద్దుర్లు, కళ్ళ మంట, మింగితే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు. అప్పుడు ఆసుపత్రిలో పచ్చని చెరువు నీళ్ళు తాగిన సంగతి తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే వైద్యులు దాన్ని మామూలు విరేచనాలుగానే చూస్తారు.

జూన్, జూలై

నైరుతి గాలి మొదలైంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఈ పడమటి గాలి మా చెరువులో తెట్టునంతా తూర్పు కట్ట మీదికి నెట్టింది. బట్టలు ఉతికే బండలు ఉన్నది అక్కడే. ఈశాన్య మూల తేటబడిందని చూసి ఇద్దరు కాపరులు కంప తీసేయబోయారు. ఒక ఒడ్డున తేటగా ఉన్నంత మాత్రాన చెరువు మంచిది కాదని, గాలి తిరిగితే తెట్టు గంటల్లో ఇవతలికి వస్తుందని, తేట నీళ్ళలోనూ కరిగిన విషం ఉండవచ్చని మరోసారి చెప్పవలసి వచ్చింది. పరిశీలన పుస్తకంలో గాలి దిక్కు రాయడం ఎంత అవసరమో ఈ నెలలో తెలిసింది.

నీటి మట్టం దిగుతున్న కొద్దీ తెట్టు ఒడ్డున ఎండి పచ్చని పెచ్చులుగా మిగిలింది. ఎండిపోయింది గదా అని వదిలేయకూడదు. ఎండిన పెచ్చుల్లో మైక్రోసిస్టిన్ నెలల తరబడి నిలుస్తుంది, తడి తగిలితే మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. చిన్నపిల్లలు ఆడుకునే చోట ఉన్న పెచ్చులను పెద్దవాళ్ళు తొడుగులు వేసుకుని పారతో తీసి, పశువులు తిరగని చోట గుంత తీసి పూడ్చారు.

చేపల గురించి కూడా అడిగారు. విషం ఎక్కువగా చేప పేగుల్లో, కాలేయంలో చేరుతుంది. తెట్టు ఉన్న రోజుల్లో చేపలు తినకుండా ఉండడమే మేలని, తినక తప్పకపోతే లోపలి భాగాలన్నీ తీసి పారేసి, కండను మంచినీళ్ళతో బాగా కడగాలని, చచ్చి తేలిన చేపను ఎట్టి పరిస్థితిలోనూ ముట్టవద్దని చెప్పాము. రాత్రిపూట ఈ శైవలాలు, వాటిని కుళ్ళబెట్టే బ్యాక్టీరియాలు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేయడం వల్ల కూడా చేపలు తెల్లవారుజామున తేలుతాయి. కాబట్టి చచ్చిన ప్రతి చేపా విషం వల్లనే చచ్చిందని అనుకోనక్కరలేదు.

అక్టోబరు

సెప్టెంబరు చివర పడిన వానలకు చెరువు నిండి మరవ (అలుగు) పారింది. కొత్త ఎర్రనీళ్ళలో తెట్టు కనపడకుండా పోయింది. అయినా గుడ్డను వెంటనే దించలేదు. కణాలు చచ్చిన తరువాతే విషం నీళ్ళలో ఎక్కువగా కలిసే అవకాశం ఉంది కాబట్టి, తెట్టు పోయాక మరో రెండు వారాలు ఉంచి, సీసా పరీక్షలో పైపొర రాకపోవడం చూసి నీరుగంటి గారే దించారు.

తెట్టుకు మేత వేస్తున్నది ఏమిటన్న ప్రశ్న ఇప్పుడు ముందుకు వచ్చింది. భాస్వరం, నత్రజని లేకుండా ఇంత పెరుగుదల జరగదు. ఊరి మురుగు కాలువ పడమటి వైపున చెరువులో కలుస్తోంది, సబ్బుల, ఉతుకుడు పొడుల నీళ్ళు అందులోనే వస్తాయి. చెరువు లోతట్టు ఒడ్డున పేడ దిబ్బలు ఉన్నాయి. ఎగువ చేలల్లో వాడే డీఏపీ ఎరువులో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వర ఆక్సైడు ఉంటాయి, పెద్ద వానకు అందులో కొంత కొట్టుకొచ్చి పూడికలో చేరుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, తప్పించవలసిన ఆరు దోషాలు చెక్కించారు. చౌడునేల అందులో ఒక దోషం. ఆనాటి చెరువుల్లోకి డిటర్జెంటు గాని, సంచుల ఎరువు గాని రాలేదు. మన కాలపు చెరువుకు ఏడో దోషంగా ఈ పోషకాల బరువును చేర్చుకోవాలని నా అభిప్రాయం.

పేడ దిబ్బలను మరవకు అవతలి మెట్టకు మార్చడానికి నలుగురైదుగురు రైతులు ఇప్పటికే ఒప్పుకున్నారు. మురుగు కాలువ చెరువును తాకే ముందు దాన్ని రెండు గుంతల్లో నిలిపి, జమ్ము పెంచి, తేరిన నీళ్ళను మాత్రమే వదలాలన్న ప్రతిపాదనను పంచాయతీ ముందు పెట్టాము, స్థలం కొలవవలసి ఉంది. ఎండాకాలం చివర నీళ్ళు అడుగంటితే కాలువ నోటి దగ్గరి పూడికను ముందుగా తీసి వేరుశనగ చేలకు తోలాలని, ఆ మట్టిలో గాజు, ప్లాస్టిక్ ఏరే పనిని బడి పిల్లలకు కాకుండా కూలీలకు అప్పగించాలని అనుకున్నాము. పరిశీలన పుస్తకం, సెక్కి బిళ్ళ, రెండు సీసాలు, తొడుగులు జనవరిలో కొత్త జట్టుకు అందుతాయి. వారి మొదటి పని ఫిబ్రవరి నుంచి గాలి లేని ప్రతి ఉదయం తూము దగ్గర నీటి రంగు రాయడం.